తాతయ్య లేతు ఆగిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా ఇంటి వెనకాల రేకుల షెడ్డులోకి వెళ్ళాలంటే నాకు భయంగా ఉండేది. అందులో ఇనుము చెక్కే తాతయ్య లేతు మిషను ఉండేది. జంషెడ్‌పూర్‌లో ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్ వైపు ఉండేవాళ్ళం. నాన్న సైకిలు మీద గోల్‌మురి కార్ఖానాలో డ్యూటీకి వెళ్ళేవాడు. నాన్నవాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, కార్ఖానాలో రిటైరయ్యాక, ఎక్కడో పాతబడి తీసేసిన ఆ మిషనుని తెచ్చుకుని చిన్నచిన్న ఇరుసులు, వాటికి తొడిగే బుష్‌లు చేసి ఇచ్చేవాడు.

అది తాతయ్య పుట్టకముందు తయారైనది. ఇప్పటి మిషన్లలాగా మీట నొక్కితే ఆగే ఏర్పాటు దానికి లేదు. మూలనున్న మోటారు పైకప్పు కింద ఒక పొడుగాటి ఇరుసుని తిప్పేది. దాని మీంచి తోలు బెల్టు కిందికి దిగి, మెట్లు మెట్లుగా ఉన్న చక్రాన్ని తిప్పేది. బెల్టు పెద్ద మెట్టు మీదుంటే మిషను నిదానంగా, చిన్న మెట్టు మీదుంటే జోరుగా తిరిగేది. పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ బయటికే కనిపించేవి. మూత లేదు, జాలీ లేదు. ఇనుముని దవడలతో పట్టుకుని గిరగిరా తిప్పే భాగాన్ని చక్ అనేవారు. ఆ ఇనుముని చెక్కే ఉక్కు కత్తి టూలు. ముందువైపు మరలున్న పొడుగాటి కమ్మీ తిరుగుతూ, ఆ టూలుని దానంతటదే చక్ వైపు నడిపించేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అమ్మా నేనూ తాతయ్యకి అన్నం పట్టుకెళ్ళాం. మేం గుమ్మంలో ఉండగానే కాలిన ఇనప తునక ఒకటి ఎగిరి తాతయ్య కంట్లో పడింది. ఆయన వెనక్కి తూలి గోడవారన కూలబడ్డాడు. ఆ మంటకి రెండో కన్ను కూడా తెరుచుకోలేదు. మిషను మాత్రం తిరుగుతూనే ఉంది. టూలు చక్ వైపు జరుగుతూనే ఉంది. చూస్తుంటే కదులుతున్నట్టే ఉండదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే దగ్గరైపోయి ఉంటుంది. వేరే షెడ్డులో ఇలాగే రెండూ గుద్దుకుంటే, విరిగిన ముక్క రేకుని చీల్చుకుని పోయిందని నాన్న ఒకసారి చెప్పాడు. నాకు అదే గుర్తొచ్చింది.

అమ్మ పళ్ళెం కింద పెట్టేసి పరుగెత్తబోయింది. తాతయ్యకి అడుగుల చప్పుడు వినపడింది.

"అక్కడే ఆగమ్మా," అన్నాడు.

"టూలు చక్ కాడికి ఎల్లిపోతంది మావయ్యా."

"ఎల్లనీ. ముందు కొంగు నడుంకి దోపుకో. జడ ముడెట్టుకో."

నాకు ఏడుపొచ్చింది. టూలు అంత దగ్గరికి వచ్చేస్తుంటే జడ సంగతి మాట్లాడతాడేమిటనుకున్నాను. అమ్మ వేళ్ళు వణికి ముడి జారిపోయింది.

"మల్లీ ఎయ్యి. నేనున్నాను గదా," అన్నాడు తాతయ్య. కంటికి అడ్డుపెట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి నీళ్ళూ కాస్త నెత్తురూ కారుతున్నాయి. గొంతు మాత్రం ఇంకొంచెం పులుసు వడ్డించమన్నట్టే ఉంది.

"అయ్యింది మావయ్యా. ఏటి సెయ్యాలి?"

"పైనుంచి ఏలాడతన్న కర్ర కనిపిస్తందా? మోటారు కాడికి ఎల్లకు, అటెల్తే బెల్టు కిందనుంచి దూరాలి. గోడ ఎంబడే రా. ఆ కర్ర పట్టుకుని నీ ఏపు లాగు. ఆగేదాకా వదలకు."

అమ్మ గోడవారగా నడిచింది. కర్ర అందుకునేలోపే టూలు చక్‌కి తగిలింది. ఆ శబ్దానికి నేను కళ్ళూ చెవులూ మూసుకుని కూర్చుండిపోయాను. బెల్టు జారుతూ కీచుమంది. కళ్ళు తెరిచేసరికి అమ్మ రెండు చేతులతో కర్రని లాగిపట్టుకుని నుంచుంది. పైన బెల్టు పక్కనున్న ఉత్తి చక్రం మీదికి జరిగి, ఏ బరువూ లేకుండా తిరుగుతోంది. కింద మిషను ఆగిపోయింది.

"ఎవులికైనా తగిలిందా?" అనడిగాడు తాతయ్య.

"లేదు మావయ్యా. టూలు ఇరిగిపోనాది. చక్ దవడ కూడా."

"పోతే పోనాది. గుంట ఏడుస్తన్నట్టుంది, దగ్గరికి తీసుకో."

పక్కింటివాళ్ళ రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. కన్ను దక్కింది గానీ చూపు మసకబారింది. కొత్త దవడ దొరక్క వానాకాలమంతా మిషను మూగగా పడుంది. అమ్మ వెంటనే పరుగెత్తి ఉంటే మిషను దక్కేదేమోనని నాన్న అన్నాడు. "ఇది దక్కేదేమో. కొంగో జడో చక్రాల్లో పడుంటే కోడలుపిల్ల దక్కేది కాదు," అన్నాడు తాతయ్య.

ఇప్పుడు నేను ఈ ఊళ్ళోనే సీతారామ్‌డేరాలో కూతురింట్లో ఉంటున్నాను. మొన్నామధ్య నా మనవడు వంటింట్లోంచి, "నానీ, ఆగ్ లగ్ గయీ," అని కేక పెట్టాడు, మంటంటుకుంది అమ్మమ్మా అని. బాణలిలో నూనె అంటుకుంది. నేను లేచి వెళ్ళాను. గుమ్మం దగ్గర నుంచుని, "ఎనక్కి జరుగు నాన్నా. నీల్లు పొయ్యకు. ఇప్పుడు గ్యాసు కట్టెయ్యి. మూత పక్కనుంచి జరిపి పెట్టు," అని ఒక్కో మాటే చెప్పాను. వాడు ఒక్కొక్కటే చేశాడు.

మంట ఆరాక, నీకు భయం వెయ్యలేదా నానీ అని హిందీలో అడిగాడు. చాలా వేసిందన్నాను. భయపడకుండా ఉండడం నాకు ఎవరూ నేర్పలేదు. ఎదుటివాళ్ళ చేతులు వణుకుతున్నప్పుడు నా భయాన్ని గొంతులోకి రానివ్వకూడదని మాత్రం, ఆ మధ్యాహ్నం గోడవారన కూలబడి తాతయ్య నేర్పాడు.