పన్నెండో ఇల్లు

నూట నలభై గొర్రెలు, ఆరు ఎద్దులు, రెండు బావుల నీళ్లు, ఒక ఇల్లు. మూడేళ్ల కరువులో ఆ పల్లె పోగొట్టుకున్నవి ఇవేనని ఊరి పెద్దయిన గౌడ చెబుతుంటే రాసుకున్నాను. మైసూరు రాజుల కాలమది. కొత్త బావి తవ్వకానికి మట్టి లెక్క కట్టడానికి నెల్లూరు నుంచి పావగడ తాలూకాకు వెళ్లాను.

ఆ సీమలో మొదటి తాంబూలం గౌడకే ఇవ్వాలని విన్నాను. పని ముగిశాక ఆయన ఇంటి అరుగు మీద ఆయనకే ముందుగా అందించాను. ఆయన చెయ్యి చాపలేదు.

"నాకొద్దప్పా. ఈ పాడుబడిన ఊళ్లో పన్నెండిండ్లు నిలిపితే గౌడ అనే పేరు మీ వంశానికే అని సర్కారోళ్లు మా తాతకి మాటిచ్చినారు. ఆయన నిలిపినాడు. ఇప్పుడు పదకొండే ఉండాయి. నేనెట్ల తీసుకునేది?"

నిజానికి ఆ పేరు ఆయన నుంచి ఎవరూ తీసేయలేదు.

"నీకు ఇల్లు యాడుండాది?" అని అడిగాడు.

"అద్దె గది. ఒక్కణ్ణే."

"అయితే ఈడ కట్టుకో. గోడలు మేమెత్తిస్తాం."

లోపల ఆయన భార్య నవ్వింది. "మొన్న గాజులాయన్ని గూడా ఇట్లే అడిగినాడు. నువ్వన్నా లెక్కలాయనవి, బిరీన తేల్చి చెప్పప్పా!"

వానలు పడగానే వస్తానన్నాను. ఆయన అప్పుడే లేచి, పదకొండో ఇంటి పక్కన తాడు పట్టి నాకు స్థలం కొలిచాడు.

వానలు పడ్డాయి. నేను వెళ్లలేదు. తర్వాత ఎన్నో ఊళ్లలో అద్దెకున్నాను. గోడలు మేమెత్తిస్తామని మళ్లీ ఎవరూ అనలేదు. ఆ పల్లెకు నా బాకీ ఈ రోజుకీ ఒక ఇల్లు.