పసుపు ట్రే

మా పెద్దనాయన పోయాడు. షిఫ్టులో ఉన్నప్పుడు ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి, టీకి బయటికి వచ్చాకే నాకు తెలిసింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. పెద్దమ్మ కొళాయి దగ్గర నీళ్లు పట్టి వచ్చేసరికి తల ఒక పక్కకు వాలి ఉందట. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె బిందెలు లోపల పెట్టి, తర్వాత లేపబోయింది.

గుండె జబ్బు ఉందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవకాశం ఆయన ఏ డాక్టరుకూ ఇవ్వలేదు.

ఆయన మా నాన్నకు అన్న. మడకశిర వైపు మా ఊరి నుంచి ముందుగా బెంగళూరు వచ్చినవాళ్లలో ఒకడు. వయసులో ఉన్నప్పుడు పీణ్యలో రేకులు నొక్కి కోసే ఒక ప్రెస్సు షాపులో పనిచేశాడు. తర్వాత జిగణిలో రబ్బరు రింగులు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాడు. నన్ను ఊరి నుంచి పిలిపించి అదే ఫ్యాక్టరీలో పెట్టించింది ఆయనే. ఆయన గురించి రాయాలంటే ఒక యంత్రం గురించి రాయాలి. రెంటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

మా ఫ్యాక్టరీలో తయారయ్యే రింగులు నీటి పంపుల్లో వేస్తారు. అచ్చులోంచి వచ్చిన ప్రతి రింగునూ ఎవరో ఒకరు చూడాలి. గాలి బుడగ ఉందా, నెర్రె ఉందా, అంచున పొర మిగిలిందా అని. ఆ పని చెకింగ్ టేబులు దగ్గర ఆడవాళ్లు చేసేవారు. అందరూ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. వాళ్లలో పెద్దది గంగమ్మక్క. పావగడ పక్క మనిషి. మా వఠారంలోనే, పెద్దనాయన ఇంటికి ఎదురుగా ఉండేది. రింగును వెలుతురుకు పట్టి, రెండు వేళ్లతో ఒకసారి సాగదీసి వదిలేది. అంతటితో దాని సంగతి తేలిపోయేది.

ఒకరోజు ఆ టేబులు పక్కన మనిషి చెయ్యిలాంటి యంత్రాన్ని బిగించారు. పైన కెమెరా, దాని చుట్టూ లైటు, చేతి చివర గాలితో పీల్చి పట్టుకునే రబ్బరు మూతి. దాన్ని నడపడానికి వచ్చిన ఇంజినీరు నెల్లూరు అమ్మాయి. తెలుగు మనిషే అయినా, యంత్రం సంగతులు ఆమెకు ఇంగ్లీషులోనే వచ్చు. బొమ్మలు వేసి బాగానే చెప్పింది. ఆడవాళ్లు మర్యాదగా విని తలలూపారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మన భాషలో చెప్పే పని మేనేజరు పెద్దనాయనకు అప్పగించాడు. ఆయన ముందు ఆ అమ్మాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అడిగిందే అడిగి తెలుసుకున్నాడు. ఆమె విసుక్కోలేదు. చెప్పిందే మళ్లీ చెప్పింది.

తర్వాత ఒక మధ్యాహ్నం, అన్నాలు అయ్యాక, టేబులు దగ్గర ఆయన పాఠం మొదలైంది. ముందుగా తన ఎడమ చూపుడు వేలు పైకెత్తి చూపించాడు. దానికి పైకణుపు లేదు.

"ఇది పీణ్యలో ప్రెస్సు తినింది. దానికి బలముండె, కన్ను లేదు. కింద రేకుందా, వేలుందా దానికి తెలీదు. దిగమంటే దిగుతుంది. ఇది అట్ల కాదు. దీనికి కన్నుండాది, మెదడుండాది, చెయ్యుండాది. చూస్తుంది, తేల్చుకుంటుంది, అప్పుడు చెయ్యి కదిలిస్తుంది. ఈ మూడూ ఉంటేనే తెలివైన రోబో అంటారు."

ఇలా అని తన చేతిని యంత్రం దారిలో పెట్టాడు. కదులుతున్న చెయ్యి టక్కున ఆగిపోయింది. ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. తర్వాత ఎన్నిసార్లు చూపించినా ఆ నవ్వు అలాగే వచ్చేది.

"చూస్తుందంటే, మన మాదిరేనా అన్నా?" అని అడిగింది గంగమ్మక్క.

"మన మాదిరి కాదు. బొమ్మను సన్నసన్న గళ్లుగా కోసుకుంటుంది. ఏ గడిలో ఎంత వెలుగుంది, ఎంత నలుపుంది అని అంకె వేసుకుంటుంది. దానికి రింగు కనపడదు, అంకెలే కనపడతాయి."

"అంకెల్లో నెర్రె యాడుంటుందప్పా?"

"నువ్వు చెప్పు. శెనక్కాయ విత్తనాలు ఏరేటప్పుడు పుచ్చుది ఎట్ల కనిపెడతావు?"

"చూస్తే తెలుస్తుంది."

"ఎవరు నేర్పినారు?"

"ఎవరు నేర్పుతారు? చిన్నప్పట్నుంచి ఏర్తా ఉంటిమి. తప్పు ఏరితే మాయమ్మ నెత్తిన మొట్టేది."

"దీనికీ అంతే. బాగుండేది చూపించి బాగుందనాల. చెడింది చూపించి చెడిందనాల. వేలకు వేలు చూపించాల. అది తప్పు చెప్తే, తప్పని చెప్పాల. అప్పుడు లోపల లెక్క కొంచెం సర్దుకుంటుంది. అట్ల సర్దుకుని సర్దుకుని నేర్చుకుంటుంది. చూడని రింగును చూపించినా అప్పుడు చెప్పగలుగుతుంది."

"మొట్టేకి దానికి అమ్మ యాడుంది?"

"మీరే కదమ్మా అమ్మలు!"

అందరూ నవ్వారు. ఆ మాట టేబులు దగ్గర నిలిచిపోయింది. యంత్రం తప్పు చేస్తే "నీ కొడుకే" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవారు. వారాల తరబడి రింగులు తెచ్చి కెమెరా కింద పెట్టారు. వాళ్లు మంచిదన్నదాన్ని, చెడ్డదన్నదాన్ని ఇంజినీరమ్మాయి కంప్యూటరులో నమోదు చేస్తూ పోయింది.

ఆ ఏడాది ఆయుధ పూజకు యంత్రాలన్నీ కడిగి బంతిపూలు కట్టాం. గంగమ్మక్క కుంకుమ భరిణె పట్టుకుని రోబో ముందు కాసేపు నిలబడింది. నుదురు ఎక్కడుందో తెలియక, కెమెరా గుండ్రటి అద్దం మీదే నిండుగా బొట్టు పెట్టింది. సెలవయ్యాక యంత్రం నడిపితే, ఒక్క రింగునూ వదలకుండా అన్నిటినీ చెడ్డవాటిలో వేసింది. మేనేజరు కేకలు వేశాడు. పెద్దనాయన వంగి కెమెరాను కిందినుంచి చూసి, మెత్తటి గుడ్డతో అద్దం తుడిచాడు.

"దాని కంట్లో కుంకుమ పడింది సార్," అన్నాడు. ఎవరు పెట్టారో చెప్పలేదు. తర్వాత టేబులు దగ్గర దానిమీదే పాఠం చెప్పాడు. "మన కంట్లో నలుసు పడితే నలుపుకుంటాం. మచ్చ కంట్లో ఉందా, వస్తువు మీదుందా మనకు తెలుస్తుంది. దీనికి తెలీదు. తనకు కన్నుందని కూడా దీనికి తెలీదు. తెలివుంది గానీ ఇంగితం లేదు."

"ఇంగితం లేని బిడ్డ ఎవరింట్లో లేదులే," అంది గంగమ్మక్క.

ఇంట్లో కూడా ఆయనకు ఇదే ధ్యాస. పెద్దమ్మ బట్టలుతికే యంత్రం దగ్గరుంటే, "ఇది తెలివైంది కాదు. టైము చూసుకుంటుంది గానీ బట్టలు చూడదు," అనేవాడు. "నువ్వూ అంతే కదా," అనేది పెద్దమ్మ. ఆయన కాదనేవాడు కాదు.

యంత్రం ముందు మూడు ట్రేలు పెట్టారు. మంచివి పచ్చ ట్రేలో, చెడ్డవి ఎర్ర ట్రేలో. ఎటూ తేల్చుకోలేనివి పసుపు ట్రేలో. పసుపు ట్రేలో పడినవాటిని ఆడవాళ్లు తీసి, చేత్తో చూసి, తీర్పు చెప్పాలి. మొదట్లో ఆ ట్రే నిండి పొర్లేది. పెద్దనాయనకు అన్నిటికన్నా నచ్చింది అదే. తెలియనిదాన్ని తెలియదని పక్కన పెట్టే యంత్రాన్ని ఆయన అంతకుముందు చూడలేదు.

ఇంజినీరమ్మాయి ఆయనకు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. "అంకుల్, వీళ్లు చెప్పిన ఆన్సర్లతోనే మళ్లీ ట్రైనింగ్ ఇస్తాం. పోనుపోను డౌట్లు తగ్గుతాయి."

"తగ్గుతాయిలేమ్మా. తీరిపోవు కదా?"

"పూర్తిగా తీరవు, నిజమే," అంది ఆమె.

ఆ సగం మాటనే ఆయన పట్టుకున్నాడు. మరునాడు టేబులు దగ్గరికి వెళ్లి, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "మనిషికైనా యంత్రానికైనా అనుమానాలు తీరేవి కావు. ఈ పసుపు ట్రే ఉన్నంత కాలం మీ కెలసాలకు, మీ ఉద్యోగాలకు ఏమీ కాదు. కండ్లు నొచ్చే పని అది చేస్తుంది, తీర్పు మీరు చెప్తారు. నా మాట."

వాళ్లు నమ్మారు. ఆయనే నమ్మాడు మరి. ఇంకా శ్రద్ధగా నేర్పారు.

వాళ్లు ఎంత బాగా నేర్పితే ఆ ట్రేలో అంత తక్కువ పడేవి. ముందు ట్రే అడుగు కనపడింది. తర్వాత భోజనాల వేళకు కూడా అడుగు నిండడం మానేసింది. అనుమానాలు పూర్తిగా తీరలేదు, ఆ అమ్మాయి చెప్పినట్టే. ఒక మనిషి చూసుకునేంత మిగిలాయి. కాంట్రాక్టు ముగిసినప్పుడు, కంప్యూటరు కూడా తెలిసిన ఒక చిన్నపిల్లను ఉంచుకుని, తక్కినవాళ్లను రావద్దన్నారు.

పెద్దనాయన మేనేజరు గదిలోకి పోయి చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చాక నాతో ఒక్క ముక్కే అన్నాడు. "'కెలసాలు పోవని నేను చెప్పమన్నానా' అంటాండాడు. నిజమే, ఆయన చెప్పమన్లేదు."

ఆ సాయంత్రం గేటు దగ్గర టిఫిను డబ్బాల సంచులు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ల దగ్గరికి వెళ్లాడు. గంగమ్మక్క గొంతు పెంచలేదు.

"అమ్మలమంటివి కదప్పా. బిడ్డకు లోపల ఏసీ పెట్టినారు. అమ్మల్ని గేటు బయట పెట్టినారు. బాగుండాదిలే."

ఆయన అక్కడే నిలబడి, వాళ్ల ఆటో వెళ్లిపోయాక లోపలికి వచ్చాడు.

తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఆయన జిగణిలో గేటు గేటుకూ తిరిగాడు. కొందరిని సంచులు కుట్టే చోట చేర్పించాడు. గంగమ్మక్కకు పెద్దమ్మతో కబురు చేస్తే ఆమె వద్దంది. తనంతట తానే చందాపురలో ఒక హాస్టలులో వంటపని చూసుకుంది. ఎదురెదురు ఇళ్లు, ఒకటే కొళాయి. ఆమె బిందెతో వస్తే ఈయన తన బిందె తీసి పక్కకు జరిగేవాడు. ఆమె పట్టుకుని పోయేది. ఏళ్లు అలాగే గడిచాయి.

ప్యాకింగుకు ఇంకో రోబో వచ్చినప్పుడు పాఠం చెప్పమంటే ఆయన ఒప్పుకోలేదు. మొండితనమేమో అనుకున్నారు. రిటైరయ్యాక ఒకసారి నేను అడిగాను. "యంత్రం ఎట్ల పనిచేస్తుందో నాకు తెలుసు, చెప్తాను. దాన్ని దుడ్డిచ్చి కొన్నోళ్లు ఏం చేస్తారో నాకు తెలీదు. తెలీనిది కలిపి చెప్పినాను," అన్నాడు. అంతకు మించి ఆ విషయం నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆయన పోయిన రోజు, ఊరి నుంచి చుట్టాలు ఇంకా రాకముందే గంగమ్మక్క వచ్చింది. హాస్టలు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు పసుపు అలాగే ఉంది. పెద్దమ్మ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. స్నానం చేయించడానికి నేను కొళాయి దగ్గర నీళ్లు పడుతుంటే అక్కడికి వచ్చింది.

"మంచోడేలే," అంది. "తన చేతిలో లేని మాట ఇచ్చినాడు. అదొక్కటే."

నేను ఊఁ అన్నాను.

"దినామూ ఈడ పక్కకు జరుగుతాడే గానీ, ఒగనాడన్నా 'తప్పైంది గంగమ్మా' అన్లేదు. అనుంటే నేను తిట్టుందును. తిట్టింటే ఆపొద్దుకు అయిపోతుండె." బిందె నిండి పొర్లుతుంటే తనే కొళాయి కట్టేసింది. "ఆయప్ప అన్లేదు. నేను తిట్లేదు."

కర్మలు అయ్యాయి. నేను పనికి వచ్చాను. పోయిన వారం మా కొత్త షెడ్డులో ఇంకో రోబోను బిగించారు. పాఠం చెప్పే పని ఇప్పుడు నా మీద పడింది. కొత్త టేబులు దగ్గర చేరినవాళ్లంతా చిన్నవాళ్లు. కన్నూ, మెదడూ, చెయ్యీ అని చెప్పాను. గళ్లు చెప్పాను, అంకెలు చెప్పాను. ఎన్ని చూపిస్తే అంత నేర్చుకుంటుందని చెప్పాను. ఇక చూపించడం మొదలుపెట్టమని, ముందు నిలబడిన కళ్యాణదుర్గం అమ్మాయి చేతికి రింగు ఇచ్చాను.

"అన్నా, ఇది నేర్చుకున్నాంక మమ్మల్ని పెట్టుకుంటారా?" అని అడిగింది.

"అది నా చేతిలో లేదమ్మా. నాకు తెలీదు," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి తక్కినవాళ్ల మొహాలు చూసింది. రింగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. కెమెరా కింద ఖాళీ పలక మీద తెల్లటి వెలుతురు పడుతూ ఉంది. యంత్రం చెయ్యి దాని పైన ఆగి, ఆమె రింగు పెట్టేదాకా అలాగే నిలిచి ఉంది.