చెరువుకు నేను కాపలా ఉన్న రోజు

నా చిన్నప్పుడు మా ఊరి పెద్దచెరువు నాదేనని గట్టిగా నమ్మేదాన్ని. పలమనేరు కొండదారి ఎక్కినాక వచ్చే మెట్టసీమలో, కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డున మేసే ఎనుములు చీమల్లా కనిపించేంత పెద్ద చెరువది. మా తాతయ్య దానికి నీరుగంటి. ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసి తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. అందుకని చెరువు మా ఇంటిదేనని నా నమ్మకం.

ఒకరోజు చాపలు అల్లేవాళ్ళ పిల్ల, నా ఈడుదే, తూము పక్కన జమ్ము కోస్తూ కనిపించింది. "మా చెరువులో నీకేం పని?" అని కోసిన మోపును నీళ్ళలోకి తోసేశాను. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఎవరు చెప్పారో, సంగతి తాతయ్య చెవిన పడింది. ఆయన తిట్టలేదు. మరుసటి పొద్దున తన తలపాగా నా తలకు చుట్టి, కర్ర చేతికిచ్చాడు.

"చెరువు నీదే గదా పాపా. ఈ పొద్దు నువ్వే కాపలా. వచ్చినోళ్ళని ఏం పని మీద వచ్చినారో అడుగు. ఇష్టం లేకుంటే ఎనక్కి పంపించు. నేనేమీ అనను."

నాకు పట్టరాని సంతోషం. కళ్ళ మీదికి జారే తలపాగాను ఎత్తుకుంటూ పహరా మొదలుపెట్టాను. ముందుగా ఒండ్రుమట్టి కోసం కుమ్మరాయన వచ్చాడు. పంపేద్దామనుకున్నాను గానీ, మా సంగటి కుండ ఆయన చేసిందే. తర్వాత పొన్నగంటాకు కోసే అవ్వ వచ్చింది. ఆ ఆకుతో చేసిన పప్పు నేను నిన్ననే రెండు మార్లు వేయించుకుని తిన్నాను. గొర్రెల మందయితే నన్ను అడగనే లేదు, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఒక్కరినైనా వెళ్ళగొట్టాలన్న పంతంతో కొంగల మీదికి కర్రెత్తి పరిగెత్తాను. పుట్టిలో కూర్చుని వల వేస్తున్న మామ పెద్దగా నవ్వాడు. "వాటినెందుకు తరుముతావమ్మే? అవి రెట్టేస్తేనే నీళ్ళలో పాచి పెరిగేది. పాచి ఉంటేనే నా చేప బతికేది. మనకంటే ముందునించీ ఈడుండాయి అవి!"

మధ్యాహ్నం తాతయ్య సద్ది తెచ్చాడు. కట్ట కింద పచ్చగా ఉన్న మళ్ళనూ వాటి మధ్య బావులనూ చూపించి, చెరువు ఎండితే ఆ బావులన్నీ ఎండుతాయన్నాడు. చెరువు నిండి మొరవ మీదుగా నీళ్ళు పొర్లిపారిన ఏడాది ఊరంతా గంగమ్మకు పొంగళ్ళు పెట్టేది అందుకేనన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఎంతమందిని పంపించేసినావు?"

"ఒక్కరినీ పంపలేదు తాతా."

"నిన్న ఒకర్ని పంపించేసినావు గదా. ఆయమ్మి వాళ్ళు కోసకపోకుంటే జమ్ము తూముకు అడ్డం పడతాది. నీళ్ళు మడికి యాడ పోతాయి? నా పనిలో సగం వాళ్ళే చేస్తా ఉండారు."

చేతిలో ముద్ద సద్దిలోనే వదిలేశాను. తలపాగా తీసి ఆయనకిచ్చి, చాపలవాళ్ళ ఇంటికి పరిగెత్తాను. ఆ పిల్ల మొదట మొహం తిప్పుకుంది. "రా, నేనూ కోస్తా" అంటే, నమ్మలేనట్టు చూసి కొడవలి తీసుకుని బయల్దేరింది. రెండో కోతకే వేలు కోసుకున్నాను. అది కిసుక్కున నవ్వి, పసరు పిండి కట్టు కట్టింది. ఆ సాయంత్రం మోపు మోసింది నేనే.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మనవళ్ళు ఎక్కడ నీళ్ళు చూపించినా, దీని మీద ఎవరెవరు బతుకుతున్నారోనని ముందు ఒడ్డు వెంబడి చూస్తాను. నాది అనే మాట ఆ తర్వాతే నోటికొస్తుంది, అదీ చాలా అరుదుగా.