తాడు లోపల నిలబడొద్దు

సారు పోయారని తెలిసేసరికి నేను రేవు బయట లంగరేసిన ఓడలో ఉన్నాను. ఒడ్డు కనిపిస్తోంది, దిగడానికి వీల్లేదు. "రాలేవని తెలుసమ్మా, చెప్పకుండా ఉండలేకపోయాను" అన్నారు ఫోన్లో ఆయన భార్య.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓడ ఉద్యోగాలకు తర్ఫీదిచ్చే చోట ఆయన మాకు పాఠం చెప్పేవారు. కాకినాడ వైపు మనిషి. ఓడలో సరంగుగా, అంటే నావికుల మేస్త్రీగా పనిచేస్తుండగా, ఓడను రేవుకు కట్టే తాడు చుట్టలో ఇరుక్కుని కుడికాలు మోకాలి కింద పోయింది.

మొదటి క్లాసులో బెంచీలు గోడకు జరిపించి, నేల మీద తాడు చుట్టలుగా పరిచారు. మేం కబుర్లలో పడగానే కొస పట్టి లాగారు. నా చెప్పు చుట్టూ తాడు బిగిసింది.

"ఎక్కడున్నావమ్మా?"

"క్లాసుల ఉన్న సార్."

"కాదు, తాడు లోపల ఉన్నావు."

బిగిసిన తాడు తెగితే వెనక్కి కొడుతుందనీ, చప్పుడు వినిపించేలోపే తగులుతుందనీ, ఓడ మీదైనా ఒడ్డు మీదైనా దాని దారిలో నిలబడొద్దనీ చెప్పేవారు. ఒకసారి మెయిన్ రోడ్డు మీద ఆగిపోయిన లారీని తాడు కట్టి లాగుతున్నారు. సారు చేతికర్ర అడ్డం పెట్టి జనాన్ని ఆపేశారు.

"ఏంది పెద్దాయనా, జర పోనియ్యవా?"

"తాడు వదులయ్యాక వెళ్ళు బాబూ."

నేను ఆఫీసరునయ్యాక, ఓడను కడుతుండగా మా శ్రీకాకుళం నావికుడి కాలు తాడు చుట్టలో కనిపించింది. "కాలు తియ్యి!" అని అరిచాను. తీశాడు. మరుక్షణం ఆ చుట్ట విదిలించినట్టు బిగిసిపోయింది. సారుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆయనకి పిల్లలెంతమందమ్మా?"

"తెల్వదు సార్."

"కనుక్కో."

చివరి రోజుల్లో తెగిన కాలి మొండి పుండై, పెట్టుడుకాలు తొడగలేకపోయారు. ఎల్‌బీ నగర్‌లో మూడో అంతస్తు ఇల్లు, లిఫ్టు లేదు. మెట్లు దిగడం ఆగిపోయింది. "ఓడలో ఉంటే ఎప్పటికో రేవొస్తుందమ్మా, ఈ ఇంటికి రాదు" అన్నారు నాతో.

సెలవు దొరికాక వాళ్ళింటికి వెళ్ళాను. పోయేముందు ఒక సాయంత్రం ఆయన పట్టుబడితే, ఇరుగుపొరుగువాళ్ళు కుర్చీతో సహా మోసి కిందికి దించారని ఆయన భార్య చెప్పారు. రోడ్డు పక్కన టీకొట్టు ముందు కూర్చోబెట్టారట. విజయవాడ వైపు పోయే ప్రతి బస్సుకూ చెయ్యి ఊపారట. చీకటిపడి, మళ్ళీ పైకి మోద్దామని అందరూ వచ్చి కుర్చీ పట్టుకుంటే, "ఇంకాసేపు" అన్నారట.