విప్పకుండా చూసే మిషన్

ఈ రోజు ఎల్లారెడ్డి బస్టాండులో నిలబడి ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చాను. వైరస్‌లో ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ ఎలా పెనవేసుకుంటాయో ఎన్‌ఎమ్‌ఆర్ అనే పెద్ద అయస్కాంతం మిషన్‌తో చూసే ల్యాబులో సీసాలు కడిగే హెల్పర్ పని.

“ఆ రెండింటినీ విడివిడిగా చూస్తే సరిపోదా?” అని అడిగాడు అవతలి సారు.

“మా అవ్వ బీడీలు చుడుతది సార్. ఇప్పి చూస్తే ఆకు, తంబాకు, దారం దొరుకుతయి. ఎట్ల చుట్టిందో తెల్వది. మీ మిషన్ ఇప్పకుంటనే చూస్తది.”

“ఎక్కడ చదివావు?”

“ఫోన్ల జూసి నేర్చుకున్న సార్.”

“డిగ్రీ లేకుంటే కష్టం.”

“నా జవాబు తప్పా సార్?”

“జవాబు కరెక్టే” అని ఫోన్ పెట్టేశాడు.

తప్పని చెప్పినా ఇంత మండేది కాదు. సీసాలు కడిగే పనికి కరెక్టు జవాబు చాలదట. మరి ప్రశ్న ఎందుకు అడిగినట్టు? తెలిసినవాళ్లు కింద రాయండి.