మా అన్న చెప్పిన బ్లూస్ నడక

ఆదివారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు మా అన్న నా చెవిలో దగ్గి, గొంతు సవరించుకున్నాడు. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కంటోన్మెంట్ స్టేషన్ బయట నిలబడి ఉన్నాను.

"నమస్కారమప్పా. ఈడనుంచి నడుస్తాము. బెంగళూర్లో బ్లూస్ ఏడేడ వాయించినారో చూపిస్తా. తొందరేమీ లేదు."

ఊరి పాత సంగతులు చూపించే ఒక చిన్న బృందం కోసం ఆయన దీన్ని రికార్డు చేశాడు. ఎవరికి వారు ఫోన్లో పెట్టుకొని వింటూ నడవొచ్చు. ఇంగ్లీషులో, కన్నడంలో వేరేవాళ్ళు చెప్పారు. తెలుగులో మా అన్న. మొత్తం ఆరు చోట్లు. మొదలుపెడితే చివరిదాకా ఆగకుండా సాగుతుంది.

అన్న ముప్పై ఏళ్ళు చిక్కపేటలో ఒక పట్టుచీరల కొట్లో చీరలు విప్పి చూపించే పని చేశాడు. శనివారం సాయంత్రాలు బేస్ గిటారు వాయించేవాడు. లావు తీగలు నొక్కి నొక్కి ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాశాయి. వాటికి పట్టు తగిలితే పోగు లేస్తుంది. అందుకని కొట్లో ఆ చేతిని పిడికిలి ముడిచి, మణికట్టుతో మడత విప్పేవాడు. అదేదో పద్ధతి కాబోలనుకొని, కొత్తగా చేరిన ఇద్దరు కూడా పిడికిలి బిగించి చీరలు విప్పడం మొదలుపెట్టారట.

బ్లూస్ అంటే ఏమిటని ఒకసారి అడిగాను.

"పత్తి చేలల్లో కష్టపడిన నల్లవాళ్ళ పాటమ్మా. ఒక మాట అంటారు. మళ్ళా అదే మాట అంటారు. మూడోతూరి వాళ్ళే దానికి జవాబు చెప్పుకుంటారు."

"పెద్దమ్మ ఏడిస్తే కూడా అట్లే కదన్నా."

"అదేనమ్మా. పెద్దమ్మకు గిటారు లేదు, అంతే."

రికార్డు చేసిన రోజు నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ఒక చోటినుంచి ఇంకో చోటికి నడవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు మాట లేకుండా వదలాలి. ఆయనది పెద్ద అంగ. తన నడకతో కొలిస్తే జనం అందుకోలేరని, మామూలు మనిషి కావాలని నన్ను పిలిచాడు. నా కుడి మోకాలు అరిగి అప్పటికి రెండేళ్ళు. నాది మామూలు నడక కాదని ఇద్దరికీ తోచలేదు.

ఆయన పోయాక ఒకరోజు ఆ బృందం నడిపే అమ్మాయి ఫోన్ చేసింది. కడపనుంచి వచ్చి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్ల.

"ఆంటీ, అంకుల్ చెప్పింది సూపర్. కానీ గ్యాప్స్ మరీ ఎక్కువున్నాయి. స్టాప్‌కి వెళ్ళి నిలబడి వెయిట్ చేయాల్సొస్తోంది. మూడోదాని దగ్గరే అందరూ ఆపేస్తున్నారు. ఒకాయనైతే, గైడ్ మధ్యలో టీకి పోయాడా అని రాశాడు."

"పోయాం, నిజంగానే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, తర్వాత నెమ్మదిగా, "ఖాళీలు కట్ చేస్తే మీకు ఓకేనా ఆంటీ? మీరు వద్దంటే ముట్టుకోను" అంది.

ఒకసారి నడిచి చెబుతానన్నాను.

మొదటిది పాత డాన్సు హాలు. "ఈడ రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్లు శనివారం డాన్సు పెట్టేవాళ్ళు. ముసలోళ్ళు ఇండ్లకు పోయినాక బ్లూస్ ఎత్తుకునేవాళ్ళు. ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉండాడు" అన్నాడు అన్న. చూశాను. పళ్ళ డాక్టరు కూడా లేడు. గేటుకు తాళం వేసి ఉంది.

తర్వాత మాట ఆగింది. రికార్డులో ఆ రోజు ఆటోలు, ఒక కాకి, నా చెప్పు ఈడ్చుకుంటున్న చప్పుడు. దానికి కాస్త ముందు ఆయన బూట్లు. నాలుగడుగులు, ఆగడం. మళ్ళీ నాలుగడుగులు, ఆగడం. ఆయన అలా నా కోసం ఆగి ఆగి నడిచాడని ఆ రోజు నేను గమనించలేదు. ఒకచోట, వినేవాళ్ళతో కాకుండా నాతో అన్నాడు: "మోరీ ఉండాది, చూసి రా." కిందికి చూశాను. మురుగు మోరీ మీద బండ ఇంకా పగిలే ఉంది.

రెండోచోట ఒకప్పుడు పాటల రికార్డులు అమ్మేవారు. నేను అక్కడికి చేరి నిలబడ్డాను, ఆయన మాట్లాడాడు. మూడోచోటికి పోయే దారిలో ఆ రోజులాగే ఆగి టీ తాగాను; అక్కడా అంతే. నాలుగోచోటా అంతే. ఈ ఊళ్ళో ఆ రికార్డింగు సరిగ్గా సరిపోయేది నా ఒక్కదానికే. కట్ చేయొద్దని చెప్పేద్దామనుకున్నాను.

ఆరోది కాక్స్ టౌన్‌లో ఒక చిన్న ఇల్లు. అన్నకు బేస్ నేర్పిన రైలు డ్రైవరు అక్కడ ఉండేవాడు.

"ఈయప్ప పేరు ఏ పుస్తకంలోనూ లేదు. వాయించింది ఎవరూ రికార్డు చేయలేదు. మాలాంటోళ్ళు శానామంది ఈయప్ప దగ్గర నేర్చుకున్నోళ్ళే. ఈయప్ప గురించి చెప్పాలనే నేను ఈ పనికి ఒప్పుకున్నా."

ఆ తర్వాత ఆ డ్రైవరు పేరు చెప్పాడు. మళ్ళీ ఒకసారి, ఇంకా స్పష్టంగా చెప్పాడు.

మూడోచోట ఆపేసినవాళ్ళు ఆ పేరు వినలేదు.

ఆ ఇంటి గోడ పక్కన నిలబడే అమ్మాయికి ఫోన్ చేసి, కట్ చేయమన్నాను.

"షూర్ కదా ఆంటీ?"

"మోరీ ఉంది చూసి రా అన్న మాట కూడా తీసెయ్యమ్మా. వేరేవాళ్ళకు అర్థం కాదు."

ఇప్పుడు జనం ఆరోచోటుదాకా వెళుతున్నారట. ఒకతను ఆ ఇంటి ముందు ఫోటో దిగి పంపాడని అమ్మాయి చెప్పింది. కొత్తదాంతో నేనూ ఒకసారి బయల్దేరాను. నేను సగం దారిలో ఉండగానే అన్న తర్వాతి చోటు గురించి చెప్పేస్తున్నాడు. వెనక్కి వచ్చేశాను. పాతది నా ఫోన్లో ఉంది. మోకాలు ఇప్పుడు అంత దూరం రానివ్వదు కాబట్టి ఇంట్లో కూర్చొని వింటాను. ఆ పాతదాంతో ఇప్పుడు ఎవరూ నడవడం లేదు.