ఆరు నంబర్ల సైకిల్ ట్రిప్పు

మా మావయ్య బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళుగా ఒకే రూటు, ఒకే డ్రైవరు. మహమ్మారి వచ్చి బస్సులు డిపోలో నిలబడిపోయాక ఆయనకి ఇంట్లో కాలు నిలవలేదు. వరండాలో కుర్చీలని పట్టుకుని "జరగండి, ముందుకి జరగండి" అనేవాడని మా అమ్మ చెబుతుంది. మా అమ్మ మాటల్లో సగం తీసెయ్యాలి. ఇది మాత్రం నమ్మొచ్చు.

ఆయన అసలు బెంగ వేరే. అత్తయ్య ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రోగుల దుప్పట్ల నుంచి జబ్బు ఇంటికి మోసుకొస్తానేమోనని నాలుగు నెలలుగా మేడ మీది గదిలో ఒక్కతే ఉంటోంది. మావయ్య కంచం మెట్ల మీద పెట్టి దిగిపోవాలి, ఆ తర్వాత ఆవిడ వచ్చి తీసుకోవాలి. ఒకే ఇంట్లో ఉంటూ మొగుడూ పెళ్ళాం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. అలాంటిది ఒక బుధవారం ఆవిడ ఫోన్ చేసి, ఆదివారం సెలవిచ్చారని చెప్పింది. అన్నాళ్ళలో అదే మొదటి సెలవు. ఆ ఒక్క పూట ఆవిడతో కలిసి ఆరుబయట తిరగాలని మావయ్యకి ఒకటే ఆశ. ఇద్దరమే వెళ్దామంటే "ఈ వయసులో జంటగా సైకిళ్ళా? నలుగురూ నవ్వరూ?" అంటుందని, ఆ నలుగురినీ కూడా వెంటేసుకుపోదామనుకున్నాడు.

వేర్వేరు ఇళ్ళవాళ్ళు కలిసి తిరగాలంటే ఆరుగురికి మించకూడదని అప్పట్లో రూలు. మావయ్య వెంటనే సైకిళ్ళకి కట్టుకోవడానికి అట్టముక్కలు కత్తిరించి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు రాశాడు. ఒకటి డ్రైవరుకి. రెండు పక్కింటి లెక్కల టీచరుకి. మూడు, నాలుగు దుకాణాలు మూసుకుని గోళ్ళు గిల్లుకుంటున్న మంగలికీ దర్జీకీ. ఐదు మేనకోడలినైన నాకు. ఆరు అత్తయ్యకి. సైకిలుకీ సైకిలుకీ మధ్య ఒక సైకిలంత ఎడం ఉండాలి, మాస్కు తియ్యకూడదు, ఎవరి నీళ్ళు వాళ్ళవే. ఏటి ఈ గట్టున పొలాల మీదుగా పోయి, పాత వంతెన దాటి, అవతలి గట్టున ఊరి దగ్గరి కొత్త వంతెన దాకా తిరిగి రావాలి. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో టైంటేబుల్ రాసి అందరికీ పంపాడు. నేనైతే గురువారం నుంచే సైకిలు తుడవడం మొదలుపెట్టాను. మూడోసారి తుడుస్తుంటే మా అమ్మ గుడ్డ లాక్కుంది.

ఆదివారం పొద్దున్నే వీధిలో వరసగా నిలబడ్డాం. మేడ దిగి వచ్చిన అత్తయ్యని చూసి మావయ్య ఏదో అనబోయి, ఆవిడ సైకిలు బెల్లు రెండుసార్లు మోగించి చూశాడు. బాగానే మోగింది. తర్వాత ఆవిడ వెనకాల నిలబడి విజిలేశాడు. ఎంత హుషారుగా బయల్దేరామంటే, దర్జీ పెడల్ తొక్కడం మొదలుపెట్టాకే స్టాండు తీశాడు.

ఊరి చివర చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఒకే ఇంటివాళ్ళా?"

"కాదు సార్. ఆరుగురం. రూలు ప్రకారమే," అన్నాడు మావయ్య.

"ఏడుగురున్నారు."

"ఆరుగురే సార్. నేను లెక్కపెట్టి చూపిస్తా." ముందు నుంచి వేలు చూపిస్తూ, నంబర్లు చదువుతూ వచ్చి అత్తయ్య దగ్గర ఆగాడు. "ఆరు."

"మరి మీరు?"

"నేను కండక్టర్ని."

కానిస్టేబులు ఆయన్ని ఎగాదిగా చూశాడు. అప్పటికి వెలిగింది మావయ్యకి. బస్సులో ఆయనెప్పుడూ జనాన్నే లెక్కపెడతాడు, అందులో తను ఉండడు. మా లెక్కల టీచరమ్మ మాస్కుని కళ్ళ దాకా లాక్కుంది. మూడు రోజులుగా ఆ టైంటేబుల్ దిద్దింది ఆవిడే మరి.

"ఒకరు వెనక్కి వెళ్ళాలి," అన్నాడు కానిస్టేబులు.

నేను తప్పుకోవాల్సింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, హ్యాండిల్ ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అంత ఆశగా ఉంది వెళ్ళాలని. ఇంతలో మావయ్యే సైకిలు పక్కకి తిప్పి, "మీరు పదండి. టైమైపోతోంది," అన్నాడు. ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు.

అత్తయ్య తన అట్టముక్క విప్పి నా సైకిలు బుట్టలో పడేసింది.

"ఏమండీ, ఆగండి." కానిస్టేబులు వైపు తిరిగింది. "మేమిద్దరం ఒకే ఇంటివాళ్ళం. విడిగా వెళ్తే?"

"విడిగా అయితే అభ్యంతరం లేదమ్మా. వీళ్ళతో కలవకూడదు."

"కలవం. మేం అవతలి గట్టు నుంచి వస్తాం."

"నలుగురూ నవ్వుతారేమోనే," అన్నాడు మావయ్య మెల్లగా.

"నవ్వనీండి. ఏ రోజుకారోజు దుప్పట్లు ఉతుకుతూ, మీతో ఇలా తిరగాలని నేనెంత అనుకున్నానో మీకేం తెలుసు? పదండి."

మేం ఐదుగురం ఈ గట్టున పడ్డాం. ఎదురుగాలి, రెండు వైపులా పచ్చటి చేలు, నెలల తర్వాత ఇంత ఆకాశం. మంగలి రాగాలు తీస్తుంటే దర్జీ ఆపమని బతిమాలుకున్నాడు. నేను చేతులు వదిలేసి తొక్కాను.

పాత వంతెన మీద వాళ్ళు ఎదురొచ్చారు. అత్తయ్య ముందు, సైకిలంత ఎడంలో మావయ్య. ఆవిడేదో చెబుతూ మాస్కు లోపలే పగలబడి నవ్వుతోంది, ఆయన మెడ సాచి వింటున్నాడు. మా డ్రైవరు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు, నేను బెల్లు కొట్టాను. మావయ్య మా పక్క నుంచే వెళ్ళిపోయాడు. మమ్మల్ని చూడనే లేదు.

"ఇరవై రెండేళ్ళలో ఎదురొచ్చే బండిని చూసుకోకుండా పోవడం ఇదే మొదటిసారి," అన్నాడు డ్రైవరు. కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందని కూడా చెప్పాడు.